గడియ తీసిన అవ్వ

అనగనగా కువలయపురానికి ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ ఊళ్ళో ఒక పాడు అలవాటు ఉండేది, వినండర్రా. ధూమ్రాక్షుడనే మాంత్రికుడు మిట్టమధ్యాహ్నం గంట మోగించుకుంటూ వచ్చి ఎవరి పిల్లనో లాక్కుపోయేవాడు. గంట వినబడగానే ఊరంతా తలుపులకు గడియలు వేసుకునేది. మన ఇంటికి కాదులే అని ఊపిరి పీల్చుకునేది. కోటవాళ్ళూ అంతే. కోట గడియ మరీ పెద్దది!

తనదాకా వస్తేగాని తత్వం బోధపడదంటారు. వచ్చే పున్నమికి మంత్రి కూతురు చంద్రవంకను తీసుకుపోతానన్నాడు మాంత్రికుడు. ఆమె కడగొట్టు రాజకుమారుడు మణిధరుడు పెళ్ళాడబోయే పిల్ల. అప్పుడు కదిలింది కోట.

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని చెప్పుకునేవారు. పెద్దవాడు మొదటి సముద్రం చూసి తిరిగొచ్చాడు. రెండోవాడు మూడో సముద్రం దగ్గర చలిజ్వరం తెచ్చుకున్నాడు. మణిధరుడు వలలో చిక్కిన కొంగను విడిపిస్తే, అది వీపు మీద ఏడు సముద్రాలూ దాటించింది. కొంగ మనిషిని మోస్తుందా అని అడక్కండి, అది చాలా పెద్ద కొంగ.

చిలక మెడ పట్టుకుంటే అది నింపాదిగా చెప్పింది.

"వాడి ప్రాణం నాలో లేదు నాయనా. మీ ఊళ్ళో గడియ పడ్డప్పుడల్లా వాడికి ఆయుష్షు పెరుగుతుంది. ఆ గడియలు తీయించు, చాలు."

మణిధరుడు తిరిగొచ్చేసరికి గంట మోగుతోంది. మాంత్రికుడు చంద్రవంకను వీధిలో ఈడ్చుకుపోతున్నాడు. మణిధరుడు ఒక తలుపు తట్టాడు, ఎవరూ పలకలేదు. రెండో తలుపు తట్టాడు, లోపల ఎవరో దగ్గారు, అంతే. మూడోది పూసలమ్మే ఓబులమ్మ గుడిసె.

"నా మనవరాల్ని పట్టుకుపోయిన రోజు నేనూ ఇట్లాగే తట్టాను బాబూ," అంది లోపల్నించి ఓబులమ్మ. "కోట తలుపే ముందు తట్టాను."

"తెలుసవ్వా. ఆ రోజు గడియ వేసింది నేనే," అన్నాడు మణిధరుడు. అతనికి ఏడుపొచ్చింది.

వీధిలో చంద్రవంక ఏడుస్తూ పిలిచింది. అవ్వ గడియ తీసింది.

"పిల్ల ఏడుస్తుంటే ఎవరి పిల్ల అని ఎట్లా అడగను?" అంటూ రోకలి పుచ్చుకుని మాంత్రికుడికి అడ్డంగా నిలబడింది.

వాడి జుట్టు నెరిసింది. ముసలిది ఒక్కతే వెళ్ళిందే అని పక్కింటివాళ్ళకు సిగ్గేసింది, వాళ్ళూ తలుపు తీశారు. వాడి నడుం వంగింది. ఇక వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. కోట తలుపు తెరుచుకునేసరికి వాడు పిడికెడు బూడిదయ్యాడు. వాడు రాళ్ళుగా మార్చి ఊరి బయట పడేసిన పిల్లలందరూ లేచి ఇళ్ళకొచ్చారు.

అవ్వ మనవరాలు పైడి వస్తూనే, "ఆ రోజు ఎవరూ రాలేదేం?" అని అడిగింది. ఊరంతా తల వంచుకుంది.

మణిధరుడు ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"భయపడ్డామమ్మా."

పైడి అతని మొహంలోకి చూసింది.

"నాకూ భయమేసింది," అంది.

ఆ తర్వాత మణిధరుడు చంద్రవంకతో పెళ్ళయి, రాజై చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు. కానీ ఎక్కడ పిల్ల ఏడుపు వినబడినా, అన్నం ముందు నుంచైనా సరే, తనే ముందు లేచేవాడు.