నిద్రలో ఉన్న లాప్‌టాప్

శేషగిరి పొద్దుట్నుంచీ ఆ పాత లాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నాడు. పాతదాని పక్కన కొత్త ర్యామ్ వేస్తే చాలు, కీ కీమని కూసి, తెర నల్లగా పెట్టుక్కూర్చుంటోంది. రబ్బరుతో పిన్నులు రుద్దాడు. ఈ గూట్లోది ఆ గూట్లోకి మార్చాడు. ఊహూ.

చివరికి పట్టేశాడు. పాత ర్యామ్‌కీ కొత్తదానికీ పొత్తు కుదరట్లేదు. పాతది పీకి పక్కన పడేసి, కొత్తదొక్కటే వేశాడు. తెర వెలిగింది.

"ఉస్తాద్, చూడండి. నిన్నటిదాకా నత్త. ఇప్పుడు గుర్రం."

ఉస్తాద్ అంటే మస్తాన్‌వలి గారు. తెనాలిలో ఆ రిపేరు కొట్టు ఆయనదే. మాట తక్కువ మనిషి. శేషగిరి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. నేర్చేసుకున్నానని కూడా అనుకుంటున్నాడు.

ఆయన తలెత్తి, "విప్పేటప్పుడు లైటు వెలిగి ఆరుతోందా?" అని అడిగారు.

"ఆ, మూత వేసి తెచ్చారుగా. నిద్రలో ఉంది."

"లేపి చూశావా?"

"ఎందుకండీ, బ్యాటరీ లాగేశా. ఫొటోలూ అవీ హార్డ్ డిస్కులో భద్రంగానే ఉంటాయిగా."

మస్తాన్‌వలి గారు ముందున్న టీ చల్లారిపోయినా ముట్టుకోలేదు.

సాయంత్రం ఆ లాప్‌టాప్ తాలూకు కామేశ్వరమ్మ గారు వచ్చారు. తెర చూసి, "ఇది మాది కాదేమో బాబూ" అన్నారు.

"మీదేనమ్మా."

"మరి మా ఆయన రాసింది ఏదీ? తెరిచే ఉండాలిగా."

ఆయన ఆఖరిసారి ఆస్పత్రికి వెళ్లబోతూ ఆవిడ కోసం టైపు చేశారట. మోటారు ఎప్పుడు వెయ్యాలి, గ్యాసుకి ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇలాంటివే. చివర్న "నువ్వు కంగారుపడకు, ముందుగా" అని ఆగిపోయింది. ఆ పనులన్నీ ఆవిడకి ఇప్పుడు కొట్టినపిండి. అయినా రోజూ పొద్దున్నే మూత తీసి, ఆ ఆగిపోయిన మాట దాకా చదువుకుని, మళ్లీ మూసేస్తారు. ఛార్జరు ఊడనివ్వరు. ఈ మధ్య మూత తీస్తే తెర రావడానికే యుగం పడుతోందని ఇక్కడికి తెచ్చారు.

శేషగిరి గబగబా ఫైళ్లన్నీ వెతికాడు. "ఆయన సేవ్ చెయ్యలేదా అమ్మా?"

"అదంటే ఏంటో నాకేం తెలుసు నాయనా. లోపలున్నదానికి ఏం కాదన్నావుగా."

అన్నాడు. లాప్‌టాప్ తీసుకునేటప్పుడు, ఆవిడ అడక్కుండానే అన్నాడు.

"సేవ్ చెయ్యనిది ర్యామ్‌లోనే ఉంటుందమ్మా" అన్నాడు నేల చూస్తూ. "కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. నేను తీసేశాను."

"అయితే ఆ పాతది మళ్లీ పెట్టి చూడు."

శేషగిరి ఉస్తాద్ వైపు తిరిగాడు. "రాదు కదండీ."

"పెట్టు" అన్నారాయన. ఒక స్టూలు లాగి ఆవిడ పక్కన వేశారు, శేషగిరి కూర్చోడానికి.

కొత్తది తీశాడు. పాతది పెట్టాడు. పొద్దున చకచకా ఆడిన వేళ్లకి చిన్న స్క్రూ దొరకలేదు. బటన్ నొక్కాడు.

పాత ర్యామ్ కదా, తెమలదు. ఆవిడ కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ముందుకి వంగారు. శేషగిరి లేచిపోదామనుకున్నాడు. ఉస్తాద్ వెనకే నిలబడి ఉన్నారు.

తెర వచ్చింది. నీలంగా, ఖాళీగా.

ఆవిడ కాసేపు దాన్నే చూశారు. "పోన్లే. ఈ పాతదే ఉంచెయ్. నెమ్మదిగానే ఉండనీ" అని మూత వేసి, రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగారు.

కొత్త ర్యామ్ శేషగిరి చేతిలోనే మిగిలిపోయింది.

"అందులో ఇప్పుడేం లేదు కదా ఉస్తాద్. అదే కావాలంటారేంటి ఆవిడ?"

"నీ చేతికొచ్చేదాకా ఉంది" అన్నారు మస్తాన్‌వలి గారు.