పైడమ్మను అడిగావా?

కొండదారికి ఇంకా తారు పడని రోజుల్లో, ఘాటు ఎక్కే లారీలను వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో, కొండ మొదట్లో పైడమ్మ అనే ముసలామె ఉండేది. కిరసనాయిలు డబ్బాతో వాగునీళ్లు మోసుకొచ్చి, కాగిపోయిన లారీలకు పోసేది. ఆమె పేరేమిటని అడిగినవాళ్లు లేరు. ‘నీళ్ల ముసలీ’ అని పిలిచేవారు. పలికేది.

ఒక వానాకాలం కొండమీది పల్లెలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పైడమ్మ కూతురు బంగారి అక్కడే మంచం పట్టింది. మూడో రోజు పొద్దున సెలైన్ సీసాలు వేసుకుని ఒక లారీ వచ్చింది. దాని డ్రైవరు లోకనాధం.

“బాబూ, నన్నూ ఎక్కించుకో. నా కూతురు పైనుంది.”

“ఎక్కు. చక్రం కింద రాయి పెట్టడానికి మనిషి కావాలి” అన్నాడతను.

మొదటి ఎత్తు వచ్చింది. లారీ దగ్గింది, దమ్ము చాలక ఆగింది. పైడమ్మ దిగి రాయి పెట్టింది. పైనుంచి డప్పు వినబడింది. ఎవరో పోయారు. ఎవరో! లోకనాధం బండిని వెనక్కి చదునులోకి వదిలి, ఇంజనుకు డీజిలు ఆయిలు ఎక్కించే చేతిపంపు కొట్టి, మళ్లీ లేపాడు.

రెండో ఎత్తు వచ్చింది. లారీ దగ్గింది, దమ్ము చాలక ఆగింది. పైడమ్మ రాయి పెట్టింది. మళ్లీ డప్పు.

మూడో ఎత్తు వచ్చింది. లారీ దగ్గింది, దమ్ము చాలక ఆగింది. ఈసారి చేతిపంపు ఎంత కొట్టినా లేవలేదు. పైన డప్పు ఆగకుండా మోగుతోంది. పైడమ్మ పైకి చూస్తూనే రాయి పెట్టింది.

లోకనాధం స్పానరు తీశాడు. “ఆయిలు పంపు పోయింది. విప్పేస్తాను.”

“విప్పితే మళ్లీ బిగించగలవా బాబూ?”

పట్నంలో మేస్త్రీ తప్ప ఆ పంపు విప్పి బిగించగలవాడు లేడు. అది ఇద్దరికీ తెలుసు.

“ఎత్తులోనే ఆగుతోంది చూశావా? ఎత్తెక్కేటప్పుడు నా డబ్బాలో నీళ్లన్నీ వెనక్కే పోతాయి. నీ ట్యాంకులో గొట్టం ఎటువైపుంది?”

“వెనకవైపే. అయినా నీళ్లు మోసేదానివి, పంపు సంగతి నీకేం తెలుసే ముసలీ!”

“పంపు సంగతి తెలీదు బాబూ. నీళ్ల సంగతి తెలుసు. ఆయిలు ఎక్కడ పోయించావు?”

“కింద షెడ్డులో, పీపాలోంచి.”

“అది నిలబెట్టి ఉంది. మూడు రోజుల వాన దాని నెత్తిమీదే నిలిచింది. బిరడా చుట్టూ మడుగు కట్టి లోపలికి ఇంకడం నేను చూశాను. ఒక గాజుసీసా ఇవ్వు.”

“నా దగ్గరెక్కడిది?”

“సీటు కింద సారా సీసా ఉందిగా. ఎక్కేటప్పుడే చూశాను.”

లోకనాధం తల గోక్కుంటూ ఖాళీ సీసా తీశాడు. పంపుకొచ్చే గొట్టం విప్పి సీసా నింపాడు. లోపలంతా మజ్జిగలా ఉంది. ఏమీ తెలియక ఊపబోయాడు.

“కదపకు. తేరుకోనీ.”

డప్పు మోగుతూనే ఉంది. పరుగెత్తుకెళ్లి కూతుర్ని చూడాలని పైడమ్మ ప్రాణం పీకింది. అయినా సీసా మీంచి చూపు తిప్పలేదు. మెల్లగా మధ్యలో గీత పడింది. పైన ఆయిలు. కింద మూడు వేళ్ల మందం నీళ్లు.

“పంపు తప్పేం లేదు బాబూ. దానికి నువ్వు తాగించిందే తప్పు.”

ట్యాంకు అడుగున నట్టు వదులు చేసి, నీళ్లన్నీ రోడ్డు పాలు చేశారు. ఫిల్టరు కడిగారు. బుడగలు పోయేదాకా చేతిపంపు కొట్టారు. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి లారీ గర్జించింది.

వాళ్లు వెళ్లేసరికి బంగారిలో ఇంకా ఊపిరి ఉంది. డప్పు పక్కింటి ముందు మోగుతోంది. మొదటి సీసా బంగారికే ఎక్కించారు. తెల్లారేసరికి కళ్లు తెరిచి “అమ్మా” అంది.

అప్పుడు లోకనాధం ముసలామెను అడిగాడు: “నీ పేరేంటమ్మా?”

ఏళ్ల తర్వాత పైడమ్మ చనిపోయాక, అతను ఆ సారా సీసాను మూడో ఎత్తు దగ్గర కొమ్మకు వేలాడదీశాడు. నేటికీ ఆ దారిలో ఆయిలు పీపాను ఎవరూ వానలో నిలబెట్టరు, పడుకోబెడతారు. ఘాటు ఎక్కేముందు సీసాలో ఆయిలు పట్టి ఎండలో చూస్తారు. కొత్త డ్రైవరెవడైనా పంపు పోయిందని స్పానరు తీస్తే, పాతవాళ్లు చెయ్యి పట్టుకుంటారు.

“ఉండరా. పైడమ్మను అడిగావా?”