దించానన్న మాట

జోసెఫ్ సుందరంగారు విమానం నడపడం నేర్పే మాస్టారు. సూటిగా అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. తెలిసినవాళ్ళలో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. అందులో జవాబు వెతుక్కోవడం అడిగినవాళ్ళ పని.

ఒకరోజు ఆయన పనిచేసే ఫ్లయింగ్ క్లబ్బు రన్‌వే మీద ఒక చిన్న విమానం చక్రాలు దించకుండానే దిగింది. పొట్ట గీరుకుపోయింది, ప్రొపెల్లర్ వంగిపోయింది. మనుషులకేమీ కాలేదు. దాన్ని క్రేనుతో ఎత్తుతుంటే శిష్యురాలు చంద్రిక ఉండబట్టలేక అడిగింది.

"చక్రాలు దించడం కూడా మరచిపోతారా మాస్టారూ ఎవరైనా? ఏళ్ళ తరబడి నడుపుతున్న మనిషట. ఇది ఒట్టి నిర్లక్ష్యం కాదూ?"

సుందరంగారు విమానాలుంచే హ్యాంగర్ మెట్టు మీద కూర్చున్నారు. "పట్టాభి అని నాకొక స్నేహితుడుండేవాడు," అంటూ మొదలుపెట్టారు. ఆయన చెప్పింది ఇది.

పట్టాభిగారు ఎముకల డాక్టరు. ఆపరేషన్ అయ్యాక, నర్సు సరిచూసిన కత్తెరలనూ దూదినీ తాను మరోసారి చూసుకుంటే తప్ప కుట్లు వేయని మనిషి. ఆయన సొంతానికి ఒక చిన్న విమానం కొనుక్కున్నారు. అది గాలిలోకి లేచాక చక్రాలను లోపలికి ముడిచేయాలి, దిగే ముందు మీట నొక్కి కిందికి దించాలి. అవి సరిగా దిగితే ఎదురుగా మూడు పచ్చదీపాలు వెలుగుతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆయన ఈ పనులన్నీ పైకి చెప్పుకుంటూ చేసేవారు.

ఒక సాయంత్రం భార్య రాజ్యంగారితో కలిసి తిరిగి వస్తున్నారు. మీట నొక్కారు, చక్రాలు దిగాయి, దీపాలు వెలిగాయి. ఇక నేల తాకుతుందనగా రన్‌వే మీదికి కుక్కల గుంపు పరుగెత్తుకొచ్చింది. పట్టాభిగారు తడబడలేదు. విమానాన్ని పైకి లేపి, చక్రాలు ముడిచి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చారు. రాజ్యంగారు భయంతో సీటు అంచు పట్టుకుని కూర్చున్నారు.

"ఏం కాదు రాజ్యం. కుక్కలు పోయాయి, చూడు," అని ఆయన ధైర్యం చెబుతున్నారు. "చక్రాలు దించారా?" అని కింది నుంచి రేడియోలో అడిగారు. "దించాను," అన్నారు. ఎదురుగా ఏదో కుయ్యిమని మోగుతూనే ఉంది.

నేల తగలవలసిన చోట తగల్లేదు. విమానం ఇంకా కిందికి జారి, చెవులు పగిలేటట్టు రాసుకుంటూ పోయి, రన్‌వే పక్క గడ్డిలో ఆగింది.

సుందరంగారు పరుగెత్తుకెళ్ళేసరికి పట్టాభిగారు బయట నిలబడి తన కుడిచేతి వంక చూసుకుంటున్నారు. "దించాను సుందరం. ఈ చేత్తోనే దించాను," అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆయనకు గుర్తున్నది మొదటిసారి దించిన సంగతి.

చక్రాలు దించలేదని హెచ్చరించే మోత పనిచేయలేదని చెబితే పరువు దక్కుతుందని క్లబ్బులో కొందరు సలహా ఇచ్చారు. పట్టాభిగారు భార్య వైపు చూశారు.

"మోగిందండీ. దిగేదాకా మోగుతూనే ఉంది," అన్నారావిడ.

"మరి నాతో ఒక్కమాట అనలేదేం?"

"మీరంత నిబ్బరంగా ఉంటే, అది అలా మోగవలసిందే కాబోలు అనుకున్నాను."

ఆ మాట ఆయనకు విమానం దెబ్బతిన్నదానికంటే ఎక్కువగా తగిలింది. మోగిందనే అందరికీ చెప్పారు. విమానం బాగుపడి వచ్చినా దాని ఛాయలకు పోలేదు. చివరికి రాజ్యంగారే ఆయన్ని బయలుదేరదీశారు. ఆ దీపాల సంగతి అడిగి తెలుసుకుని, "దిగే ముందు నేను అడుగుతాను. మీరు వాటిని చూసి చెప్పాలి. అలాగైతేనే ఎక్కుతాను," అన్నారు. ఆయన సరేనన్నారు.

చాలాకాలం అలాగే సాగింది. ఒకసారి వర్షానికి ముందు గాలి రేగింది. విమానం ఊగిపోతుంటే ఆయన రన్‌వే మీంచి చూపు తిప్పడం లేదు. "చక్రాలు దిగాయా అండీ?" అని రాజ్యంగారు అడిగారు.

"దించాననే కదా చెబుతున్నాను! ఎన్నిసార్లడుగుతావు?" అని కసురుకున్నారు.

ఆవిడ అడిగింది ఒక్కసారే. ఆ కసురు తన చెవిన పడేసరికి పట్టాభిగారి ముఖం పాలిపోయింది. వెంటనే విమానాన్ని పైకి లేపేశారు. ఆ గాలిలోనే మరో చుట్టు తిరిగి వచ్చి, ఒక్కొక్క దీపం మీదా వేలుపెట్టి చూసి, "దిగాయి రాజ్యం," అన్నారు. అప్పుడు దిగారు.

సుందరంగారు అంతటితో ఆపేశారు. "అయితే ఆవిడ అడిగేటప్పటికి చక్రాలు దిగలేదన్నమాట," అంది చంద్రిక.

"ఎందుకు దిగలేదు? దిగే ఉన్నాయి."

"మరి హాయిగా దిగిపోక, ఆ గాలిలో మళ్ళీ అంత తిప్పలెందుకు మాస్టారూ?"

సుందరంగారు ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుంటూ లేచారు.

"చూసి చెప్పలేదమ్మా," అన్నారు.