దిబ్బ మీద కురోయివ

దోకై గురువుగారి దగ్గరికి ప్రశ్న పట్టుకెళితే ఒక చిక్కుంది. ఆయన జవాబు చెప్పరు, బేస్‌బాల్ కబుర్లు చెబుతారు. జెన్ మఠాధిపతికి ఈ ఆటల పిచ్చేమిటని జనం నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవారు.

ఆయన శిష్యుడు రియోసెట్సు ఇరవై ఏళ్ళు ధ్యానం చేసి ఆరితేరినవాడు. పక్క ఊళ్ళో చిన్న మఠం అతనికి అప్పగించారు. తొమ్మిదిమంది చేరితే, ఏడాది తిరక్కుండా ఆరుగురు వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురూ పోతే మఠం మూతే. మొహం వేలాడేసుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

"నాకు వచ్చినదంతా చెప్పాను గురువుగారూ. వెన్ను ఎలా నిలపాలో, ఊపిరి ఎలా వదలాలో పక్కన కూర్చుని మరీ చూపించాను. నేను గురువుగా పనికిరానా?" అన్నాడు.

దోకై టీ పోసి మొదలుపెట్టారు.

"కురోయివ అని ఒక పిచర్ ఉండేవాడు. దిబ్బ మీద నిలబడి బ్యాటర్‌కు బంతి విసరడం అతని పని. ఇరవై రెండేళ్ళు విసిరాడు, మహా గొప్పగా విసిరాడు. చెయ్యి అరిగిపోయాక అదే జట్టుకు మేనేజర్ని చేశారు. ఆడినవాడికి ఆడించడం ఎంత పనిలే అనుకున్నారు అందరూ. తీరా చూస్తే మొదటి ఏడాది జట్టు అట్టడుగుకు పోయింది! పిచర్లలో ఎవరు తడబడినా సరే, దిబ్బ మీదికి పరిగెత్తి 'ఇలా పట్టు, ఇలా విసురు' అని తన చెయ్యే చూపించేవాడు మరి.

"రెండో ఏడాది ఆఖరి ఆట. ఓడితే అతని ఉద్యోగం ఊడినట్టే. గెలుపు ఒక్క బంతి దూరంలో ఉండగా హిరాయమ అనే కొత్త పిచర్ తడబడ్డాడు. కురోయివ వెళ్ళి చెయ్యి చాచాడు. మేనేజర్ చెయ్యి చాస్తే బంతి ఇచ్చి దిగిపోవాలి, అది ఆనవాయితీ. హిరాయమ ఇచ్చేశాడు. ఇక ఇంకో పిచర్ని పిలవాలి కదా? పిలవలేదు. అతని వేళ్ళు బంతి కుట్లు వెతుక్కున్నాయి. కాలు పాత అలవాటు కొద్దీ మట్టి గీకడం మొదలెట్టింది. అంపైర్ దగ్గరికొచ్చి, 'అయ్యా, తమరే వేస్తారా?' అన్నాడు.

"స్టేడియమంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. కాసేపు బంతిని చూసి, దాన్ని మళ్ళీ హిరాయమ చేతిలోనే పెట్టి, 'నువ్వేం వేద్దామనుకున్నావు?' అని అడిగాడు. 'నిదానం బంతి' అన్నాడు హిరాయమ. అది పిరికివాళ్ళ బంతని కురోయివ జన్మలో వేసి ఎరగడు. అయినా 'సరే, వెయ్యి' అని వెనక్కి నడిచాడు. బ్యాటర్ తొందరపడి ముందే ఊపాడు. గాలి తప్ప ఏమీ తగల్లేదు. అతను అవుట్, ఆట గెలిచారు. ఆ తర్వాత కురోయివ జట్టు నాలుగుసార్లు కప్పు కొట్టింది."

రియోసెట్సు చేతులు జోడించి, "అయితే గురువుగారూ, మా వాళ్ళకు నేనేం నేర్పాలంటారు?" అన్నాడు.

దోకై టీ కప్పు కింద పెట్టేశారు.

"నన్నడుగుతావేమిటయ్యా? అక్కడ ముగ్గురున్నారుగా!"