చేతికి మౌనం

కోదండపాణికి కోపం రోడ్డు మీదే వచ్చేది. ఆశ్రమంలో ఉన్నంతసేపూ అతనంత నెమ్మదస్తుడు లేడు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేవాడు, నీళ్ళు తోడేవాడు, ఎవరేమన్నా నవ్వి ఊరుకునేవాడు. వ్యాను తాళంచెవి చేతికి వచ్చిందంటే మాత్రం వేరే మనిషి.

ఆ ఆశ్రమం మెక్సికో దేశంలో, వాహాకా కొండల్లో ఉంది. అచ్యుతబోధ స్వామి అనే తెలుగు సాధువు చాలా ఏళ్ళ కిందట అక్కడికి చేరి, రెండు పెంకుటిళ్ళూ ఒక మొక్కజొన్న చేనూ చూసుకుంటూ ఉండిపోయారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్ని 'మాయెస్త్రో' అని పిలుస్తారు. గురువుగారు అని అర్థం.

కోదండపాణి తణుకులో డ్రైవింగ్ స్కూలు నడిపినవాడు. భార్య పోయాక స్కూలు తమ్ముడికి అప్పజెప్పి, స్వామి దగ్గరే ఉండిపోదామని వచ్చాడు. స్వామి అతనికి ఇచ్చిన సేవ ఆశ్రమం వ్యాను నడపడం. కొండ దిగి సంత నుంచి సరుకులు తేవాలి. ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

"తణుకులో సగంమందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది నేనే స్వామీ" అన్నాడు మొదటిరోజు.

"మంచిది నాయనా" అన్నారు స్వామి.

రోడ్డుకి కుడిపక్కన నడపడం అతనికి తొందరగానే అలవాటైంది. మనుషులే అలవాటు కాలేదు. కొండదారిలో ముందు పోతున్న లారీ ఎడమవైపు ఇండికేటర్ వేస్తుంది. ఎడమవైపు చూస్తే రోడ్డు ఉండదు, లోయ ఉంటుంది. ఇండికేటర్ ఆర్పడం కూడా రానివాడికి లైసెన్సు ఎవడిచ్చాడని తిట్టుకుంటూ, హారన్ కొట్టుకుంటూ వెనకాలే పోయేవాడు. లారీవాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపితే అది తనని వెక్కిరించడమే అనుకునేవాడు. ఏ ఊరు వచ్చినా ఆ ఊరి మొదట్లో, చివర్లో, ఒక్కోచోట నడిమధ్యన కూడా స్పీడ్ బ్రేకర్లు. వాటికి రంగుండదు, బోర్డుండదు. బండి ఎగిరిపడ్డాకే తెలుస్తుంది అక్కడ ఒకటుందని.

వాటన్నిటికీ అతని దగ్గర ఉన్న మందు ఒక్కటే, హారన్. మలుపులో హారన్, కూడలిలో హారన్, మనిషి కనపడితే హారన్. డ్రైవింగ్ స్కూలు నడిపే రోజుల్లో తన దగ్గర నేర్చుకునే కుర్రవాళ్ళని పిలవడానికి సరదాగా ఒక వరసలో మోగించేవాడు. అదే వరస ఒకరోజు సంత దగ్గర అడ్డంగా నిలబడ్డ ఒక బండి మీద మోగించాడు. బండిలోంచి ఒక భారీమనిషి ముఖం జేవురించి దిగి వచ్చాడు. అదృష్టం కొద్దీ స్వామి పక్కనే ఉన్నారు. ఆయన దిగి, రెండు చేతులూ జోడించి, అక్కడి భాషలో ఏదో చెప్పారు. ఆ మనిషి కాసేపు నమ్మలేనట్టు చూసి, పకపకా నవ్వి, కోదండపాణి భుజం తట్టి పోయాడు.

"ఏమన్నాడు స్వామీ?"

"ఏమీ అనలేదు. ముందు అన్నది నువ్వే. ఆ వరసలో హారన్ కొడితే ఇక్కడ తల్లిని తిట్టినట్టు."

కోదండపాణి దారి పొడుగునా స్వామి వంక చూడలేదు. ఆశ్రమానికి చేరగానే స్వామి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నాకు మౌనదీక్ష ఇప్పించండి స్వామీ. రోడ్డెక్కితే నా నోరు ఆగడం లేదు. ఇక్కడికొచ్చి జపానికి కూర్చుంటే నాలిక మీద ఆ తిట్లే ఆడుతున్నాయి."

స్వామి లేచి వ్యాను దగ్గరికి నడిచారు. ముందు మూత ఎత్తించి, లోపల చెయ్యి పెట్టి కాసేపు తడిమి, ఒక వైరు ఊడదీశారు. దాని కొసకి గుడ్డపీలిక చుట్టి పక్కకి తోసి, చెయ్యి పంచెకి తుడుచుకున్నారు.

"అది హారన్ వైరు స్వామీ" అన్నాడు కోదండపాణి.

"అవును."

"నేనడిగింది మౌనం."

"అదే ఇచ్చాను. నోటి సంగతి తర్వాత చూద్దాం. ముందు చేతికి."

కొండదారి, అన్నీ మలుపులు, హారన్ లేకుండా ఎలాగని అతను అడిగాడు. బండికి హారన్ ఉండి తీరాలని రూలుంది కదా అని కూడా అన్నాడు. మనుషుల్ని చూసుకుంటూ నెమ్మదిగా వెళ్ళమని చెప్పి స్వామి లోపలికి వెళ్ళిపోయారు.

మొదట్లో చాలా కష్టమైంది. అరచెయ్యి దానంతటదే స్టీరింగ్ మధ్యకి పోయేది. నొక్కితే ఏమీ పలికేది కాదు. ఆ నిశ్శబ్దంలో అతనికి బట్టలు లేకుండా రోడ్డు మీద నిలబడ్డట్టుండేది. వేరే దారిలేక కాలు బ్రేకు మీద ఉంచి నడిపేవాడు.

నెమ్మదిగా పోతుంటే అంతకుముందు కనపడనివి కనపడ్డాయి. సంతకి ముందు ఒక కూడలి ఉంది. అక్కడ లైటు లేదు, పోలీసు లేడు. అదివరకు హారన్ కొట్టి దూసుకుపోయేవాడు. ఇప్పుడు ఆగాడు. అడ్డరోడ్డు మీంచి చిన్న కారులో వచ్చిన ఒకావిడ కూడా ఆగి, నువ్వు వెళ్ళమన్నట్టు చెయ్యి చూపించింది. అతను వెళ్ళాడు. అద్దంలో చూస్తే అతని తర్వాత ఆవిడ కదిలింది, ఆవిడ తర్వాత ఇటునుంచి మరొకరు. ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు, పూలు గుచ్చినట్టు. ఇన్నాళ్ళూ ఆ వరసని తెంపుకుంటూ పోయింది తనొక్కడేనని అప్పుడు తెలిసింది.

మరోరోజు స్వామి పక్కన కూర్చుని ఉండగా ముందున్న లారీ మళ్ళీ ఎడమ ఇండికేటర్ వేసింది. కోదండపాణి చూపించి, ఇదేమిటి స్వామీ అని అడిగాడు. ఇన్నాళ్ళలో అతను కోపం లేకుండా అడగడం అదే మొదలు.

"నిన్ను దాటి పొమ్మంటున్నాడు. మలుపు అవతల ఏముందో నీకు కనపడదు, అతనికి కనపడుతుంది. నిజంగా ఎడమకి తిరిగేవాళ్ళూ వేస్తారు, అందుకని పక్కన దారుందేమో నువ్వు కూడా చూసుకో."

పక్కన దారి లేదు. ఎదురుగా ఏమీ రావడం లేదు. దాటాడు. లారీవాడు ఎప్పటిలాగే చెయ్యి బయటపెట్టి ఊపాడు. కోదండపాణి కూడా చెయ్యి ఊపాడు. ఆ మనిషి ముఖం అతను చూడలేదు, పేరు తెలీదు. అయినా చాలాదూరం వరకూ అతని మనసులో ఆ చెయ్యే ఊగుతూ ఉంది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పట్నం ఆసుపత్రిలో స్వామి కళ్ళు చూపించి, సంతలో టమాటాలు, ఉల్లిపాయలు వేసుకుని ఇద్దరూ తిరిగి వస్తున్నారు. కొండ సగం ఎక్కాక ఒక పల్లె ఉంది. రోడ్డుకి అటూ ఇటూ కొద్దిపాటి ఇళ్ళు. దాని ముందర మలుపు తిరగ్గానే, రోడ్డు మధ్యన మేకలు, వాటి వెనక తాటాకు టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన వీపు.

కోదండపాణి అరచెయ్యి హారన్ మీద పడింది. బలంకొద్దీ నొక్కాడు. ఏమీ మోగలేదు. కాలు బ్రేకు మీదికి దూకింది. తడిరోడ్డు మీద బండి జారి, ముందు చక్రాలు దేన్నో ఎక్కి దబ్బున కిందపడి, ఆగిపోయింది. వెనక తలుపు ఊడి తెరుచుకుంది. టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

ముసలాయనకీ బండికీ మధ్య ఒక మేక నిలబడేంత జాగా మిగిలింది. ఆ జాగాలో నిజంగానే ఒక మేక నిలబడి బండి వంక చూస్తోంది. ముసలాయన మాత్రం వెనక్కి తిరగలేదు. తనపాటికి తను నడిచి పోతున్నాడు.

"పెద్దాయనా!" అని తెలుగులోనే అరిచాడు కోదండపాణి. ఆయన తిరగలేదు. భయం దిగి కోపం ఎక్కింది. తలుపు తోసుకుని దిగాడు. దిగితే కాళ్ళ కింద రాళ్ళూ సిమెంటూ కలిపి పోసిన కొత్త గట్టు. పోయినసారి వచ్చినప్పుడు అది అక్కడ లేదు.

రోడ్డు పక్కన గంగాళంలో తమాలెలు, మొక్కజొన్న రేకుల్లో పిండి చుట్టి ఉడికించినవి, అమ్ముకుంటున్న ఒకావిడ లేచి వచ్చింది. పేరు దోన్యా రెఫూహియో అని తర్వాత తెలిసింది. బెదిరిన ఆవు నుదుటి మీద వేసినట్టు బండి ముందుభాగం మీద చెయ్యి వేసి, స్వామితో మెల్లిగా మాట్లాడింది. స్వామి తెలుగులో చెబుతూ వచ్చారు. ఆ ముసలాయన అవెలీనో. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో చెవులు పోయాయి. రోజూ ఈ వేళకి మేకల్ని తోలుకుని రోడ్డు దాటతాడు. బళ్ళవాళ్ళు హారన్ కొడతారు, తప్పుకోకపోతే పొగరనుకుంటారు. వానలకి ముందు ఒక బండి హారన్ మోగించుకుంటూనే వచ్చి మంద మీద పడింది. కొన్ని మేకలు చచ్చిపోయాయి. ఆయన చెయ్యి విరిగింది.

"మరి ఈ గట్టుకి బోర్డేది స్వామీ? పర్మిషన్ ఎవరిచ్చారు?" అన్నాడు కోదండపాణి. గొంతులో కోపం సగమే మిగిలింది.

స్వామి ఆ ప్రశ్న ఆవిడకి చెప్పారు. ఆవిడ కోదండపాణి వంకే చూస్తూ జవాబిచ్చింది. స్వామి ఒక్కొక్క మాటా తెలుగు చేశారు.

"ఆయన్ని ఇంట్లో కూర్చోమందామా, బళ్ళని నెమ్మదిగా రమ్మందామా అని ఊరంతా కూర్చుని అనుకున్నాం నాయనా. బళ్ళకే చెబుదామనుకున్నాం. తలా ఒక తట్ట రాళ్ళు తెచ్చాం."

కోదండపాణి తన చేతివంక చూసుకున్నాడు. అరచేతిలో హారన్ బిళ్ళ అచ్చు గుండ్రంగా, ఎర్రగా పడి ఉంది. అది మోగి ఉంటే కాలు బ్రేకు మీదికి పోయేది కాదు. హారన్ కొట్టి పొండి, వాళ్ళే తప్పుకుంటారని తణుకులో ఎంతమందికి నేర్పాడో.

అప్పటికి అవెలీనో వెనక్కి తిరిగాడు. బండిని చూశాడు, గట్టుని చూశాడు, రోడ్డంతా పడి ఉన్న టమాటాలు చూశాడు. మేకల్ని అదిలించి, టోపీ తీసి, వంగి ఒక్కొక్కటే ఏరి అందులో వేశాడు. సరిగ్గా అతకని చేత్తో టోపీని పొట్టకి అదిమి పట్టుకుని, రెండో చేత్తో ఏరాడు. నిండిన టోపీ తెచ్చి కోదండపాణికి అందించి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు.

కోదండపాణి స్వామి వైపు తిరిగాడు.

"ఈయన నాకెందుకు దండం పెడుతున్నాడు స్వామీ?"

"ఆగావు కదా."

"మొక్కవలసింది నేను. ఈయనకి, ఈ ఊరికి, మీకు. ఎలా చెప్పను? ఆయనకి వినపడదు."

"మొక్కు నాయనా. దానికి చప్పుడు అక్కర్లేదు."

కోదండపాణి టమాటాల టోపీ పక్కన పెట్టి, చెప్పులు విప్పి, తడిరోడ్డు మీద ఆ గట్టు పక్కనే మోకాళ్ళూనాడు. వెనక మలుపు తిరిగి ఒక బస్సు వచ్చి ఆగింది. అతను లేచేదాకా అది అక్కడే ఉంది.