అనకూడని మాట

సిరిపురంలో దండోరా వేసే ఎల్లమందను మంత్రి గుణశేఖరుడు పిలిపించాడు.

"ఎగువ రాజ్యంలో ఏటి నీళ్లు తాగి జనం చచ్చిపోతున్నారట. ఇక్కడ ఆ మాట అన్నవాడి నాలుక కోస్తామని చాటి రా!" అన్నాడు. ఆ మాట పాకితే ఊళ్లో జరగబోయే తిరునాళ్లకు జనం రారేమోనని ఆయన భయం.

ఊరంతా తాగేది ఆ ఏటి నీళ్లే. ఎల్లమంద డప్పు తీసుకుని వీధివీధీ తిరిగాడు.

"ఎగువన ఏటి నీళ్లు తాగి జనం చచ్చిపోతున్నారన్న మాట ఎవరూ అనకూడదహో! అంటే నాలుక కోస్తారహో!"

సాయంత్రానికల్లా ఏటి రేవు ఖాళీ అయింది. ఊళ్లో బావుల దగ్గర జనం బారులు తీరారు.

"అందరికీ చెప్పేశావు కదరా!" అని మంత్రి మండిపడ్డాడు.

"ఏ మాట అనకూడదో తెలియకపోతే పొరపాటున అనేస్తారు కదా దొరా!"

"నోర్ముయ్! ఆ ఆజ్ఞ రద్దయిందని చాటు, పో!"

"చిత్తం దొరా. ఇక ఆ మాట అందరూ అనుకోవచ్చని ఇప్పుడే చాటుతా" అని ఎల్లమంద డప్పు అందుకున్నాడు.