బావి అలిసిపోయిందిరోయ్!

నమ్మవు కదా? నువ్వు నమ్మవని తెలుసు, అయినా చెప్తా. ఒక ఎద్దు ఉండేదిరా, దానికి ముందుకి నడవడం కన్నా వెనక్కి నడవడమే బాగా వచ్చు. అబద్ధమైతే నా ఫోన్ నువ్వే తీస్కో.

పేరు బూదప్ప. జంతువులే సాగు చేసుకునే ఒక తోటలో ముసలి మోట ఎద్దు. మోట తెలీదా? బావి పక్కన పల్లం దారి ఉంటది. ఎద్దులు తాడు లాక్కుంటూ పల్లంలోకి దిగితే తోలు బొక్కెన నిండా నీళ్ళు పైకొస్తాయి. మళ్ళీ వెనక్కి అడుగులేస్తూ ఎక్కితే బొక్కెన బావిలోకి దిగుద్ది. బూదప్ప, జోడీ కర్రెన్న కలిసి లాగేవాళ్ళు. తాడు మీద కూర్చుని కోతి ఓబులు పాట పాడేవాడు. గిలక కిర్రు కిర్రుమని తాళం వేసేది. ఒకటే రూలు. బొక్కెనలో బురద కనబడిందా, "బావి అలిసిపోయిందిరోయ్!" అని ఓబులు అరిచేవాడు. అంతే, కాడి దించెయ్యడమే. ఇక మధ్యాహ్నమంతా వేపచెట్టు కింద నెమరు. అబ్బ, ఏం రోజులు!

ఇప్పుడు కర్రెన్న లేడు, ఓబులూ లేడు. పల్లం దారిలో గడ్డి మొలిచింది. అయినా బూదప్ప రోజూ పొద్దున్నే అక్కడికెళ్ళి, ఊరికే నాలుగడుగులు వెనక్కి నడిచొస్తాడు. పక్కన కర్రెన్న ఊపిరి వినబడుతున్నట్టే ఉంటది.

బావికి సోలార్ మోటారు వచ్చేసింది మరి. తెచ్చింది జంబు అనే నక్క. వాడి బిల్డప్ చూడాలి!

"తాతా, ఎండ ఫ్రీ, నీళ్ళు ఫ్రీ. నువ్వింక రెస్ట్ తీస్కో."

"ఎండ పైనుంచి వస్తది, నిజమే. నీళ్ళెక్కడ్నించి వస్తున్నాయో చూశావా మనవడా?"

"పైపులోంచి!"

జోక్ కాదురా, నిజంగానే అలా అనుకున్నాడు. వాడికి బావంటే చచ్చేంత భయం, గట్టు దగ్గరికే రాడు. రోజూ సోలార్ పలక తుడుస్తాడు, ఆకాశం చూస్తాడు, అంతే. పొద్దు పొడిస్తే ఆన్, పొద్దు గుంకితే ఆఫ్. వాడి పుచ్చకాయల మడి నిండి, బాట నిండి, చివరికి కోళ్ళ గంప కూడా తేలిపోయింది.

ఒకరోజు బావిలోంచి కప్ప బెక్కమ్మ ఏడుపు.

"బూదన్నా! పన్నెండు మెట్లలో పదకొండు బయటపడ్డాయి. నా పిల్లలకింకా కాళ్ళు రాలేదన్నా, అన్నీ తోకలే. ఒక్క వారం నీళ్ళుంటే బతికిపోతారు. వాడు ఇట్లాగే తోడితే రేపటికి ఎండిపోద్ది!"

బూదప్ప నేరుగా జంబు దగ్గరికెళ్ళాడు. "ఆపరా మోటారు."

"ఎందుకు ఆపాలి? ఎండ ఊరికే వేస్ట్ అయిపోదూ?"

"సరే, పందెం. ఇవాళ పొద్దు గుంకేలోపు నీ పైపులో బురద వస్తే, మోట రోజుల రూలే. స్విచ్ నాది, నేను చెప్పిన పని నువ్వు చెయ్యాలి. రాకపోతే నీ పుచ్చకాయల బండి ఎప్పటికీ నేనే లాగుతా."

జంబు పైపు వైపు చూశాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడీపడీ నవ్వాడు. "ఓకే తాతా! ఇప్పుడే బండికి కందెన పూసుకో!"

బూదప్ప బావిలోకి వంగి మెల్లగా అడిగాడు. "బెక్కమ్మా, పిల్లలకి డాన్స్ వచ్చా?"

"వాళ్ళు ఒక్క నిమిషం కుదురుగా ఉంటే కదన్నా!"

"పైపు మూతికి జాలీ ఉందిలే, భయం లేదు. అడుగు మట్టి మీద ఆడమను. పాట నేను పాడతా."

పల్లం దారిలో వెనక్కి అడుగులు మొదలు. దబ్, దబ్, దబ్. ఎన్నేళ్ళ తర్వాతో ఓబులు పాట. బావి అడుగున మూడొందల తోకలు ఒకటే ఊపు.

అప్పుడే జంబు పైపు కింద మూతి పెట్టి తాగుతున్నాడు. ముందు టీ రంగు. తర్వాత చాక్లెట్ రంగు. తర్వాత మొహం నిండా బురదే!

"బావి అలిసిపోయిందిరోయ్!" అని అరిచాడు బూదప్ప, అచ్చం ఓబులు లాగే.

"మోసం! లోపల ఎవరో కలిపారు!"

"అయితే వెళ్ళి తొంగిచూడు."

జంబు మూడడుగులు వేశాడు. నాలుగోది పడలేదు. గిర్రున వెనక్కి తిరిగొచ్చేశాడు. కోళ్ళన్నీ ఒకటే గోల.

బూదప్ప కొమ్ముతో స్విచ్ కట్టేశాడు. "వారం దాకా మోటారు ముట్టకూడదు. తర్వాత పొద్దున మోట పాట రెండుసార్లు పాడేంతసేపే. మిగతా ఎండంతా గడ్డి కోసే మిషన్‌కి. ఇక నీ పని. నక్కలకి తవ్వడం బాగా వచ్చు కదా? బావి పక్కన ఇంకుడు గుంత తవ్వు. వాన నీళ్ళు ఇంకి బావిలోకి దిగాలి."

"ఎంత లోతు తాతా?"

"నీ పుచ్చకాయలు తాగినంత."

ఇక చూస్కో, వాడి గోళ్ళు అరిగిపోయాయి. పిల్లలకి కాళ్ళొచ్చాయి, మెట్టెక్కాయి. తర్వాత వాన పడింది, గుంత నిండింది. అందుకేరా, ఎండని చూసి మోటారు వెయ్యి, బావిని చూసి ఆపు. ఆ వాన రోజు జంబు మొదటిసారి గట్టు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి ఏమన్నాడో తెలుసా, "తాతా, నీళ్ళు పైపులోంచి కాదా!" అని...

ఆఁ? ఆఁ అమ్మా, వస్తున్నా! పైన ట్యాంకు పొర్లిపోతోందంటరా, మోటారు కట్టేసొస్తా!